డీసీ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం 'అమెరికా బై ఎయిర్' గ్యాలరీ రివ్యూ: కూలిన విమానాల సంగతి తెలుసుకుని వెళ్ళండి

స్మిత్సోనియన్ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం గురించి వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి కొత్తగా చెప్పాల్సిందేం లేదు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే జెట్ ల్యాగ్ తీరకముందే తీసుకెళ్ళే చోట్లలో ఇదొకటి. వెళ్ళిన వాళ్ళంతా రైట్ సోదరుల విమానం దగ్గర ఒక ఫోటో, అపోలో 11 కమాండ్ మాడ్యూల్ దగ్గర ఒక ఫోటో, పిల్లలు గోల చేస్తే గిఫ్ట్ షాపు, అంతే బయటికి. 'అమెరికా బై ఎయిర్' అని ఒక పెద్ద హాలు ఉంటుంది, దాంట్లోంచి నడుచుకుంటూ వెళ్ళిపోతారు తప్ప ఆగి చూసేవాళ్ళు తక్కువ. నేను రాసేది ఆ ఒక్క హాలు గురించే. మ్యూజియంలో పెద్ద ఎత్తున మార్పులు చేసి 2022 అక్టోబర్‌లో మళ్ళీ తెరిచారు కదా, అప్పుడు తెరిచిన గ్యాలరీల్లో ఇదీ ఉంది.

నా రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగున్నర. విమానాలకి, వాటిని పెట్టిన తీరుకి ఐదుకి ఐదు. ఆ అర ఎందుకు తగ్గించానంటే ఈ విమానాల ప్రమాదాల కథ ఇంకా పెద్దగా, ఒక పక్క గోడంతా చెప్పుంటే బాగుండేదని నా కోరిక. ఎందుకంటే ఆ హాల్లో పైన వేలాడుతున్న రెండు ఇంజన్ల పాత విమానాల్లో మీకు కనపడే ప్రతి పార్టు వెనకా ఎక్కడో ఒక చోట కూలిపోయిన విమానం ఉంది, ఆ సంగతి తెలియకుండా చూస్తే అవి మెరిసే అల్యూమినియం బొమ్మల్లాగే కనపడతాయి. తెలుసుకుని చూస్తే మాత్రం అక్కణ్ణుంచి కదల్లేరు, నాకైతే అదే జరిగింది.

ముందు ఏమేం ఉన్నాయో చెప్తా. ఫోర్డ్ ట్రైమోటార్ ఉంది, మూడు ఇంజన్లది, రేకు ముడతలు ముడతలుగా ఉంటుంది. దాని తర్వాతి తరం బోయింగ్ 247డి. ఆ తర్వాత డగ్లస్ డీసీ-3, ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వాళ్ళది, మనూళ్ళల్లో పెద్దవాళ్ళు డకోటా అనేది దీన్నే (మిలిటరీ రకాన్ని అలా పిలిచేవాళ్ళు, తర్వాత అన్నిటికీ అదే పేరు అయిపోయింది). డీసీ-7 ముందు భాగం నేలమీదే ఉంటుంది లోపలికి వెళ్ళొచ్చు, 747 ముక్కు కూడా ఉంది. పిల్లలు 747 దగ్గరికే పరిగెడతారు, పరిగెట్టనివ్వండి, మీరు మాత్రం 247 కింద నిలబడండి.

247 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1933 ఫిబ్రవరిలో మొదటిసారి ఎగిరింది, పది మంది ప్రయాణికులకి. అప్పటిదాకా చెక్క, గుడ్డ, రేకు ముడతలు, మూడు ఇంజన్లు ఇలా ఉండేవి, ఇది పూర్తిగా లోహం, నున్నటి ఒళ్ళు, కింద రెక్క, చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, రెక్క ముందు అంచుకి రబ్బరు బూట్లు ఉంటాయి, మంచు పేరుకుంటే గాలి ఊది వాటిని ఉబ్బించి మంచు పగలగొట్టడానికి. ఈ చివర్నుంచి ఆ చివరికి అమెరికా దాటడానికి 20 గంటలు పట్టేది, అప్పటికి అది అద్భుతం. ఒక లోపం కూడా ఉంది, రెక్కని మోసే దూలం సరిగ్గా క్యాబిన్ మధ్యలోంచి పోతుంది, ప్రయాణికులు సీటుకి వెళ్ళాలంటే దాన్ని దాటుకుని వెళ్ళాలి. కింద నిలబడి రెక్కా ఒళ్ళూ కలిసే చోటు చూస్తే ఆ దూలం ఎక్కడ పోతుందో ఊహించుకోవచ్చు. ఈ మొత్తం రకం 75 మాత్రమే తయారయ్యాయి.

ఆ 75లో ఒకటి 1933 అక్టోబర్ 10 రాత్రి పేలిపోయింది. యునైటెడ్ వాళ్ళ విమానం, న్యూఆర్క్ నుంచి క్లీవ్‌లాండ్, షికాగో మీదుగా ఓక్లాండ్ వెళ్ళాల్సింది, క్లీవ్‌లాండ్ దాటి షికాగో చేరబోతుండగా ఇండియానాలో చెస్టర్టన్ దగ్గర గాల్లోనే ముక్కలై పొలాల్లో పడింది, నలుగురు ప్రయాణికులు, ముగ్గురు సిబ్బంది, మొత్తం ఏడుగురూ చనిపోయారు. మొదట అందరూ ఇంజనో, పెట్రోలో అనుకున్నారు. కానీ తోక భాగం తెగిపోయి మిగతా శిథిలాలకి దాదాపు మైలు దూరంలో దొరికింది, వెనక బ్యాగేజీ పెట్టే చోటు, టాయిలెట్ ఉన్న చోటు మాత్రం నుగ్గునుగ్గు అయిపోయింది, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ క్రైమ్ ల్యాబ్ వాళ్ళు రేకు ముక్కలు పరీక్ష చేసి నైట్రోగ్లిజరిన్ బాంబు అని తేల్చారు. ప్యాసింజర్ విమానంలో బాంబు పెట్టి కూల్చినట్టు రుజువైన మొదటి కేసు ఇదే. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అనేది ఇప్పటికీ తేలలేదు, ఎవర్నీ పట్టుకోలేదు. ఇప్పుడు మనం ఈ మ్యూజియం గుమ్మం దగ్గర బ్యాగు స్కానర్లో పెట్టి బెల్టు సర్దుకుని లోపలికొస్తాం కదా, లోపల వేలాడేది అదే రకం విమానం, ఒక్కసారి ఈ రెండూ కలిపి ఆలోచించండి.

మ్యూజియంలో ఉన్న 247కి ఒక పక్క యునైటెడ్ రంగులు, ఇంకో పక్క రేసు రంగులు ఉంటాయి, రెండు పక్కలా తిరిగి చూడాలి. ఆ రేసు 1934లో ఇంగ్లండ్‌లో మిల్డెన్‌హాల్ నుంచి ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ దాకా జరిగిన మాక్‌రాబర్ట్‌సన్ రేసు. రాస్కో టర్నర్, క్లైడ్ పాంగ్‌బోర్న్ నడిపిన ఈ విమానమే మూడో స్థానంలో వచ్చింది. తప్పనిసరిగా దిగాల్సిన ఊళ్ళు ఐదు, బాగ్దాద్, అలహాబాద్, సింగపూర్, డార్విన్, చార్లవిల్. అంటే పైన వేలాడుతున్న ఈ విమానం అలహాబాద్ నేల మీద చక్రాలు పెట్టిందన్నమాట, ఇది తెలిశాక నాకు దాని టైర్ల వంక చూడకుండా ఉండటం కష్టమైంది.

మొదటి స్థానం బ్రిటిష్ రేసు విమానానిది, రెండోది డచ్ ఎయిర్‌లైన్ కేఎల్ఎం వాళ్ళ డీసీ-2 (డీసీ-3కి ముందు రకం), పేరు ఆయ్‌వర్. అది ప్రయాణికుల్ని ఎక్కించుకుని మరీ రేసులో ఎగిరింది, చివర్లో ఆస్ట్రేలియాలో తుఫానులో దారి తప్పింది. రాత్రి, వాన, కింద ఏ ఊరో తెలీదు. ఆల్బరీ అనే ఊరి వాళ్ళు ఊరంతటి కరెంటు దీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ మోర్స్ కోడ్‌లో ఊరి పేరు చెప్పారు, రేడియోలో పిలుపిస్తే జనం కార్లేసుకుని గుర్రప్పందాల మైదానానికి వచ్చి హెడ్‌లైట్లు వేసి రన్‌వే చేశారు. విమానం దిగింది, పొద్దున బురదలోంచి జనమే లాగి బయటికి తీశారు, అది వెళ్ళి రెండో స్థానం కొట్టింది. ఇది అక్టోబర్ చివర్లో. డిసెంబర్ 20న అదే ఆయ్‌వర్ క్రిస్మస్ ఉత్తరాలతో బటావియా (ఇప్పటి జకార్తా) వెళ్తూ ఇరాక్ ఎడారిలో రుత్బా దగ్గర చెడ్డ వాతావరణంలో కూలిపోయింది, ఉన్న ఏడుగురూ పోయారు. ఒకే రేసులో పోటీపడిన రెండిట్లో ఒకటి ఇలా డీసీలో వేలాడుతోంది, రెండోదానికి రెండు నెలలు కూడా గడవలేదు.

అసలు డీసీ-2, డీసీ-3 ఎందుకు పుట్టాయనేది కూడా ప్రమాదం కథే. 1931 మార్చి 31న టీడబ్ల్యూఏ అనే ఎయిర్‌లైన్ వాళ్ళ ఫాకర్ విమానం, మూడు ఇంజన్లది, కాన్సస్‌లో బజార్ అనే చోట కూలింది, రెక్క చెక్కతో చేసింది, లోపల తేమ చేరి జిగురు వదిలేసి గాల్లో రెక్క ఊడిపోయింది. ఎనిమిది మంది చనిపోయారు, వాళ్ళలో నూట్ రాక్‌నీ అని అమెరికా అంతా నెత్తిన పెట్టుకున్న ఫుట్‌బాల్ కోచ్ ఉన్నాడు, దాంతో దేశం అట్టుడికిపోయింది. చెక్క రెక్కంటే జనం ఎక్కడానికే భయపడ్డారు. టీడబ్ల్యూఏ వాళ్ళకి లోహం విమానం అర్జెంటుగా కావాలి, బోయింగ్ దగ్గరికెళ్తే 247లు మొదటి 60 యునైటెడ్‌కే అని చెప్పారు, అప్పట్లో రెండూ ఒకే గ్రూపు కంపెనీలు. అప్పుడు 1932 ఆగస్టులో టీడబ్ల్యూఏ పెద్ద అధికారి జాక్ ఫ్రై డగ్లస్ లాంటి కంపెనీలకి ఉత్తరం రాశాడు, మాకిలాంటి విమానం చేసిస్తారా అని. దాన్లో అసలు షరతు, ఫుల్ లోడుతో, మేం వాడే ఏ ఎయిర్‌పోర్టు నుంచైనా సరే ఒక ఇంజన్ పోయినా టేకాఫ్ అవ్వాలి. డగ్లస్ వాళ్ళు రెండు ఇంజన్లతోనే చేస్తాం అన్నారు, చేసి చూపించారు కూడా, అరిజోనాలో విన్‌స్లో అని ఎత్తు మీద ఉండే ఎయిర్‌పోర్టులో టేకాఫ్ టైములో ఒక ఇంజన్ ఆపేసి మిగిలిన ఒక్కదాంతోనే ఆల్బకర్కీ దాకా వెళ్ళారు. ఇవాళ మనం ఎక్కే ప్రతి రెండు ఇంజన్ల విమానం ఈ షరతు మీదే నడుస్తోంది, హైదరాబాద్ వెళ్ళే 777 అయినా సరే.

ఇక్కడ ఒక విషయం. రెండు ఇంజన్లున్నాయి కదా ఒకటి పోతే రెండోది ఉంది అనుకోవడం అంత సులువు కాదు. ఆగిపోయిన ఇంజన్ ప్రొపెల్లర్‌ని ఎదురుగాలి తిప్పుతూనే ఉంటుంది, ఆ తిరిగే రెక్కలు గాలికి అడ్డంగా నిలబడి విమానాన్ని ఆ పక్కకి లాగేస్తాయి, మంచి ఇంజన్ తోపుడు కూడా ముక్కుని అదే పక్కకి తిప్పుతుంది, పైలట్ కాలితో రడ్డర్ (తోక మీద నిలువు పలక) తొక్కిపట్టి తిన్నగా ఉంచాలి, స్పీడు తగ్గితే ఆ రడ్డర్ కూడా పనిచేయదు, అప్పుడు విమానం తిరగబడుతుంది. దానికి మందు ఫెదరింగ్, అంటే ప్రొపెల్లర్ రెక్కల్ని వాటి ఇరుసు మీద తిప్పి అంచు గాలికి ఎదురుగా పెట్టేస్తారు, అప్పుడు తిరగడం ఆగిపోతుంది, లాగుడు పోతుంది. 1930ల చివర్లో ఇది డీసీ-3లకి వచ్చింది. డీసీ-3 ప్రొపెల్లర్ మధ్యలో ఉండే గుండ్రటి మూత చూడండి, రెక్కల కోణం మార్చే ఏర్పాటు అంతా దాన్లోనే ఉంటుంది. ఫోన్ కెమెరా జూమ్ చేస్తే బాగా కనపడుతుంది, పై అంతస్తు బాల్కనీ నుంచి ఇంకా బాగా.

ఈసారి నాన్నతో వెళ్ళా. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, విమానం కింద నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు, చూసి "ఏరా, ఇవన్నీ బానే ఉన్నాయి, పడిపోయినవి ఎక్కడ పెట్టారు?" అన్నారు. పడిపోయినవి ఎందుకు పెడతారు నాన్నా అంటే "మా డిపోలో యాక్సిడెంటైన బండిని తెచ్చి పెడితే మేమంతా దాని చుట్టూనే తిరిగేవాళ్ళం, బ్రేకు ఎక్కడ ఫెయిలైందో దాన్ని చూస్తేనే కదా తెలిసేది, బాగున్న బండిలో నేర్చుకోడానికి ఏముంటుంది" అన్నారు.

డేటా సైన్స్‌లో ఉన్నవాళ్ళకి ఇది వినగానే అబ్రహం వాల్డ్ గుర్తొస్తాడు, నాకూ ఆయనే గుర్తొచ్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో కొలంబియా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ గ్రూపులో పనిచేసేవాడు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన బాంబర్లకి గుళ్ళు ఎక్కడ తగిలాయో చూసి ఎక్కడ కవచం వేయాలి అనే లెక్క చేశాడు. తిరిగొచ్చిన వాటిల్లో చిల్లులు ఎక్కువున్న చోట కాదు, చిల్లులు లేని చోట వేయాలి, ఎందుకంటే అక్కడ తగిలినవి తిరిగి రాలేదు. సర్వైవర్‌షిప్ బయాస్ అని మనం ఇంటర్వ్యూల్లో చెప్పేది ఇదే, అంటే మిగిలినవాటినే చూసి లెక్కేసే పొరపాటు, ప్రెజెంటేషన్లలో పెట్టే ఎర్ర చుక్కల విమానం బొమ్మ మాత్రం తర్వాత వేరేవాళ్ళు గీసింది, ఆయన రాసినవి లెక్కల పేపర్లు. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే ఆ వాల్డ్ మన దేశంలోనే చనిపోయాడు. 1950లో భారత ప్రభుత్వం పిలిస్తే లెక్చర్లివ్వడానికి భార్యతో వచ్చాడు, డిసెంబర్ 13న ఎయిర్ ఇండియా విమానంలో వెళ్తుంటే నీలగిరుల్లో కోటగిరి దగ్గర కొండకి గుద్దుకుంది, ఉన్నవాళ్ళంతా పోయారు. ఆ విమానం డీసీ-3. తిరిగిరాని విమానాల గురించి ప్రపంచానికి పాఠం చెప్పిన మనిషి అలా తిరిగిరాని ఒక విమానంలోనే ఉన్నాడంటే నాకు ఇప్పటికీ మనసు అదోలా అయిపోతుంది.

అందుకే డీసీ-3 కింద నిలబడి "ఇది చచ్చినా చావని బండి" అని అందరూ అనే మాట నేను అనలేను. బండి గొప్పదే, ఒప్పుకుంటా. మ్యూజియంలో ఉన్న ఈ ఒక్కటే 56 వేల గంటలకి పైగా ఎగిరింది. మన దగ్గర 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌కి సైనికుల్ని దింపింది ఈ రకమే, హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపింది ఇవే, ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి రాత్రిళ్ళు ఉత్తరాలు తెచ్చి నాగపూర్‌లో మార్చుకుని తెల్లారేసరికి చేర్చినవీ ఇవే. కానీ మనం లెక్కపెట్టేది మిగిలినవాటినే కదా. కూలినవి కూడా చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ శాతం నేనైతే బండి తప్పు అనను, కొండ ఎక్కడుందో తెలియకపోవడం, ఎంత ఎత్తులో ఉన్నామో తెలియకపోవడం, వాతావరణం ముందుగా తెలియకపోవడం.

1942 జనవరి 16, టీడబ్ల్యూఏ ఫ్లైట్ 3, దీన్ని ఉదాహరణగా తీసుకోండి. సినిమా తార కరోల్ లాంబార్డ్ ఇండియానాలో వార్ బాండ్లు అమ్మి లాస్ ఏంజెలెస్‌కి తిరిగొస్తోంది, భర్త క్లార్క్ గేబుల్. ఇంకా తల్లి, ఆర్మీ ఎయిర్ కోర్ వాళ్ళు 15 మంది, అందరూ కలిపి 22 మంది. మామూలుగా దారిలో బౌల్డర్ సిటీలో పెట్రోల్ పోయించుకోవాలి, కానీ అక్కడ రన్‌వేకి దీపాల్లేవు, చీకటి పడింది, అందుకని లాస్ వేగాస్‌లో దిగారు. ఫ్లైట్ ప్లాన్‌లో దిశ 218 డిగ్రీలు అని ఉంది. బౌల్డర్ సిటీ నుంచి బయల్దేరితే ఆ 218 కరెక్టు. లాస్ వేగాస్ నుంచి అదే 218 పట్టుకుంటే నేరుగా పొటోసీ పర్వతం. మామూలు రాత్రయితే దారిలో బీకన్ దీపాలు వెలుగుతుండేవి, చూసి తప్పు పట్టుకునేవాళ్ళేమో, కానీ పెర్ల్ హార్బర్ అయ్యి ఆరు వారాలైంది, జపాన్ విమానాలు వస్తాయన్న భయంతో చాలా బీకన్లు ఆర్పేశారు. ఆకాశం నిర్మలంగా ఉంది, ఇంజన్లు రెండూ బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి, టేకాఫ్ అయిన పావుగంట లోపే రాతి గోడకి తగిలింది. ఒక ఊరి నుంచి కరెక్టయిన నంబరు ఇంకో ఊరి నుంచి మరణం. సాఫ్ట్‌వేర్‌లో పాత కాన్ఫిగ్ కాపీ చేసి కొత్త సర్వర్‌లో పెట్టేవాళ్ళు ఈ కథ ఒకటికి రెండుసార్లు చదవాలి, నేను సీరియస్‌గానే చెప్తున్నా.

ఇక మ్యూజియంలో ఉన్న డీసీ-3 మీద ఈస్టర్న్ అని రాసుంటుంది కదా, ఆ కంపెనీ ప్రెసిడెంట్ ఎడ్డీ రికెన్‌బాకర్, మొదటి ప్రపంచయుద్ధంలో 26 శత్రు విమానాలు, బెలూన్లు కూల్చిన వీరుడు. 1941 ఫిబ్రవరి 26 రాత్రి సొంత కంపెనీ విమానంలోనే ప్రయాణికుడిగా అట్లాంటా వెళ్తున్నాడు, అదీ డీసీ-3 కుటుంబమే, స్లీపర్ రకం. వాన, కిందకి దిగిన మబ్బులు, ఎయిర్‌పోర్టుకి కొన్ని మైళ్ళ ముందే పైన్ చెట్ల మీద పడింది, 16 మందిలో 8 మంది చనిపోయారు, ఒక కాంగ్రెస్ సభ్యుడు కూడా. రికెన్‌బాకర్ తుంటి ఎముకలు విరిగి శిథిలాల్లో రాత్రంతా ఇరుక్కుపోయాడు, బయటపడ్డవాళ్ళు చలికి మంట వేద్దామంటే పెట్రోల్ కారుతోంది, అగ్గిపుల్ల గీయొద్దని లోపల్నుంచే అరిచాడు. దర్యాప్తులో వేలు ఆల్టిమీటర్ వైపు చూపించింది. ఆల్టిమీటర్ అంటే గాలి ఒత్తిడి కొలిచే పరికరమే, ఆ ఊళ్ళో ఆ రోజు ఒత్తిడి ఎంతో రేడియోలో విని దాన్లో సెట్ చేయాలి, అది తప్పయితే నేల మీకు వందల అడుగులు దూరంలో ఉందని చూపిస్తుంది, నిజానికి చెట్లు పొట్టకి తగులుతుంటాయి. ల్యాండింగ్ టైములో ఇద్దరు పైలట్లూ కంట్రోళ్ళు, పరికరాలు పూర్తిగా సరిచూసుకునే ఒకే పద్ధతి కంపెనీలో అందరికీ లేకపోవడం కూడా కారణాల్లో రాశారు. ఇప్పుడు ప్రతి ల్యాండింగ్‌కి ముందు ఇద్దరు పైలట్లూ ఆ నంబరు పైకి చెప్పుకుని సరిచూసుకుంటారు.

మన నార్తర్న్ వర్జీనియా వాళ్ళ కోసం ఇంకోటి. ఆష్‌బర్న్, ఆల్డీలో ఉండే వాళ్ళు వీకెండ్ యాపిల్ పికింగ్‌కీ, వైనరీలకీ లౌడన్ కౌంటీ ఉత్తరం వైపు వెళ్తారు కదా, ఆ లవెట్స్‌విల్ దగ్గరే 1940 ఆగస్టు 31న పెన్సిల్వేనియా సెంట్రల్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ డీసీ-3 కూలింది. వాషింగ్టన్ హూవర్ ఎయిర్‌పోర్టు నుంచి (ఇప్పుడు ఆ చోట పెంటగాన్ ఉంది) పిట్స్‌బర్గ్ బయల్దేరింది, షార్ట్ హిల్ కొండ పక్కన ఉరుములు మెరుపుల వానలో పొలంలో పడింది, 25 మందీ పోయారు, సెనేటర్ ఎర్నెస్ట్ లుండీన్ కూడా వాళ్ళలో ఉన్నాడు. అప్పటికి అమెరికాలో అంత పెద్ద ప్యాసింజర్ విమాన ప్రమాదం లేదు. దగ్గర్లో పడ్డ పెద్ద పిడుగు వల్ల పైలట్లు ఏమీ చేయలేని స్థితిలోకి వెళ్ళి అదుపు తప్పి ఉండొచ్చని అప్పట్లో ప్రమాదాల దర్యాప్తు చేసిన సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు తేల్చింది. విమానంలో వాయిస్ రికార్డర్, డేటా రికార్డర్ లాంటివేం లేని రోజులు, పొలంలో చెల్లాచెదరైన ముక్కల్ని బట్టి ఊహించడమే.

ఆ బోర్డు పుట్టడానికీ ఒక రెండు ఇంజన్ల విమానమే కారణం. 1935 మే 6న టీడబ్ల్యూఏ డీసీ-2 మిజోరీలో అట్లాంటా అనే చిన్న ఊరి దగ్గర పొగమంచులో, పెట్రోల్ అయిపోవస్తుండగా నేలకి తగిలింది, సెనేటర్ బ్రాన్సన్ కటింగ్‌తో కలిపి ఐదుగురు చనిపోయారు. రాత్రి ఫ్రీక్వెన్సీలో రేడియో పనిచేయడం లేదని తెలిసీ ప్రయాణం కొనసాగించారు. ప్రభుత్వ శాఖ దర్యాప్తు చేసి తప్పు ఎయిర్‌లైన్‌దే అంది, సెనేట్ కమిటీ వేసి అసలు ప్రభుత్వ శాఖ దారి దీపాలు, రేడియో బీకన్లే సరిగ్గా చూసుకోవడం లేదంది. నడిపించేవాడే దర్యాప్తు చేస్తే తన తప్పు తనే ఎందుకు రాసుకుంటాడు అనే ప్రశ్న అక్కడ గట్టిగా లేచింది, 1938లో కొత్త చట్టం వచ్చింది, ఆ బోర్డుకి మూలం అదే, అదే దారిలో తర్వాత 1967లో ఇప్పుడు ప్రమాదాల దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ వచ్చింది. ఇవాళ వేరే దేశాల్లో విమానం పడినప్పుడు కూడా చాలాసార్లు ఎన్‌టీఎస్‌బీ వాళ్ళు వెళ్ళారని వార్తల్లో చదువుతాం కదా, దాని మూలం ఇక్కడుంది.

ఇవన్నీ తెలిసి వెళ్తే ఆ హాల్లో గంటన్నర సరిపోదు. నా సలహా, ముందు కింద ట్రైమోటార్, 247, డీసీ-3 ఈ వరసలో నడవండి, తర్వాత పైకెళ్ళి బాల్కనీలోంచి రెక్కల పైభాగం చూడండి, రివెట్ల వరసలు, రెక్క అంచు దగ్గర నల్ల రబ్బరు స్పష్టంగా కనపడతాయి, మా నాన్న ఆ రివెట్లు చూస్తూ అక్కడే ఉండిపోయారు. లైటింగ్ బాగుంది, బోర్డుల మీద అక్షరాలు పెద్దవాళ్ళు చదవగలిగే సైజే. విమానాల లోపలికి మాత్రం డీసీ-7, 747 ముక్కుల్లోకే, 247లోకి వెళ్ళి ఆ దూలం దాటాలని ఎంత అనిపించినా కుదరదు.

ఎంట్రీ ఫ్రీ, కానీ టైమ్ స్లాట్ పాస్ ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, అదీ ఫ్రీనే, వేసవిలోనూ లాంగ్ వీకెండ్లలోనూ తొందరగా అయిపోతాయి కాబట్టి ముందే చూసుకోండి. పొద్దున 10కి తెరుస్తారు, సాయంత్రం 5:30కి మూసేస్తారు, మొదటి స్లాట్ అయితే ఈ గ్యాలరీ దాదాపు ఖాళీగా దొరుకుతుంది ఎందుకంటే జనమంతా ముందు చంద్రుడి గ్యాలరీ వైపు వెళ్తారు. మ్యూజియంకి సొంత పార్కింగ్ లేదు, మెట్రోలో లెన్‌ఫాంట్ ప్లాజా దిగి నడిచేయండి, పెద్దవాళ్ళుంటే ఊబర్ బెటర్. విమానాల పిచ్చి ఇంకా తీరకపోతే షాంటిలీలో ఇదే మ్యూజియం రెండో బిల్డింగ్ ఉడ్వర్-హాజీ ఉంది, డలస్ ఎయిర్‌పోర్టు పక్కన, దానికి పాస్ అక్కర్లేదు, పార్కింగ్‌కి 15 డాలర్లు, సాయంత్రం 4 దాటితే పార్కింగ్ కూడా ఫ్రీ. అక్కడ బోయింగ్ 307 ఉంది, ప్రయాణికుల క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలబెట్టగలిగిన మొదటి ఎయిర్‌లైనర్, అంటే డీసీ-3 దూరాల్సి వచ్చిన చెడ్డ వాతావరణంలో చాలా భాగానికి పైనుంచి వెళ్ళగలిగిన విమానం, ఇది చూసిన మర్నాడే దాన్ని చూస్తే కథ తెగకుండా సాగుతుంది.